‘సబ్ ఠీక్ హై’ అన్న రోజు

(లింగియాడీహ్, బిలాస్‌పుర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఇక్కడున్న అందరికీ తెలుసు. అచ్చులో మాత్రం ఆయన్ని ‘సుబేదారు గారు’ అనే రాయమని ఇంట్లోవాళ్ళు కోరారు. విషయం మాట్లాడడానికి వాళ్ళకి అభ్యంతరం లేదు. నాన్న పేరూ ఈ జబ్బు పేరూ ఒక్క పేజీలో పడడమే ఇష్టం లేదు. నేను వాదించలేదు. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం ఆ కోరికలోనే ఉంది. గుండె ఆపరేషనైతే చొక్కా గుండీ విప్పి కుట్లు చూపిస్తాం. మోకాలు మార్పిస్తే ఎంతైందో వీధి వీధికీ లెక్క చెబుతాం. ప్రోస్టేట్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి ‘గ్లాండు’ అంటాం. ఆడవాళ్ళు పక్కనుంటే అదీ అనం. ఇవాళ ఆడవాళ్ళు ఇంతమంది వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది. యూరిన్ బ్యాగు ఖాళీ చేసేది వాళ్ళే కదా, వినే హక్కు ముందు వాళ్ళకే ఉంది.

సుబేదారు గారు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వెళ్ళి మద్రాస్ సాపర్స్‌లో చేరారు. బెంగళూరులో ట్రైనింగు, తరవాత రాజస్థాన్ ఇసక, లద్దాఖ్ మంచు, మధ్యలో శ్రీలంక. పింఛనుతో బయటికొచ్చి మాజీ సైనికుల కోటాలో రైల్వేలో రెండో ఉద్యోగం సంపాదించుకుని ఈ ఊరు చేరారు. మన తాతలు బెంగాల్-నాగ్‌పుర్ రైల్వే పట్టాల వెంట వాల్తేరు నుంచి ఖరగ్‌పుర్‌కీ, ఆద్రాకీ, ఇక్కడికీ వచ్చారు. ఆయన పటాలంలో దేశమంతా తిరిగి, చివరికి అదే పట్టాల దగ్గర తేలారు. అర్పా నది అవతల జాగా చవగ్గా దొరుకుతుందని లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నారు. అప్పటికిది గ్రామపంచాయతీ. కార్పొరేషన్‌లో కలిసింది 2019 లోనే.

రైల్వే నుంచి కూడా రిటైరయ్యాక ఆయన వరండాయే ఈ పక్క మాజీ సైనికులకి ఆఫీసు. ప్లాస్టిక్ సంచుల్లో కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి, అందుచేత డాక్టర్ల రాత చదివే పని నాది. రూలు చెప్పే పని ఆయనది. అంతమందికి కాగితాలు నింపిన మనిషి తన జబ్బు సంగతి మాత్రం మూత్రం పూర్తిగా బిగిసిపోయి, అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. తరవాత వరండాలో ఆయన నాతో అన్నదొక్కటే: ‘దీనికి కూడా పింఛను అడగొచ్చా?’

ఆ ప్రశ్నకి జవాబే ఈ ఉపన్యాసం.

ముందు గ్రంథి సంగతి. ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. పడుచు వయసులో ఉసిరికాయంత. నలభై దాటాక మెల్లగా పెరగడం మొదలెడుతుంది. అరవై దాటినవాళ్ళలో సుమారు సగం మందికి, ఎనభై దాటితే నూటికి ఎనభై మందికి పైగా ఆ పెరుగుదల ఉంటుంది. పెరిగినవాళ్ళందరికీ బాధ ఉండదు. ఉన్నవాళ్ళకి ధార సన్నబడుతుంది, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటుంది, రాత్రి మూడు నాలుగు సార్లు లేవాల్సొస్తుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్ వేరే జబ్బు. ఇన్‌ఫెక్షన్ వల్లా, ఒక్కోసారి కారణం తెలియకుండానూ వచ్చే ప్రోస్టేటైటిస్ మూడోది. అది పాతికేళ్ళ జవానుకీ వస్తుంది. ఈ మూడింటినీ కలిపి ‘గ్లాండు ప్రాబ్లమ్’ అనెయ్యడం మన అలవాటు. ఇంట్లో ఆ మాటతో గడిచిపోతుంది. పింఛను కాగితం మీద గడవదు.

మందులున్నాయి. టామ్‌సులోసిన్ నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది, ఫినాస్టెరైడ్ నెలల మీద గ్రంథిని కొంత కుదిస్తుంది. లొంగకపోతే మన ఊళ్ళో అందరూ ‘దూర్‌బీన్ ఆపరేషన్’ అనే టీయూఆర్‌పీ. జలుబు మాత్రల్లో కొన్ని, గట్టి చలి, బలవంతంగా ఆపుకోవడం, ఇవన్నీ ఉన్న బాధని పెంచుతాయి. సంత్రీ డ్యూటీలో, కాన్వాయ్ బండి స్టీరింగు దగ్గర, మంచులో టెంటు జిప్పు తీసుకుని బయటికి పోలేక నీళ్ళు తాగడమే తగ్గించేసిన పోస్టులో ఆపుకోవడం ఎలా ఉంటుందో ఈ సభలో చాలామందికి తెలుసు. ఇంజిన్లో పని చేసిన మన లోకో పైలట్లకి ఇంకా బాగా తెలుసు, కానీ అది మరో సభకి సరిపడే సంగతి.

ఇక చట్టం. డిజెబిలిటీ పింఛనుకి రెండు గడపలు దాటాలి. వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందైనా కావాలి, లేదా సర్వీసు వల్ల ముదిరిందైనా కావాలి. అది మొదటిది. మెడికల్ బోర్డు దాన్ని 20 శాతానికి తగ్గకుండా కట్టాలి. అది రెండోది. 1961 నాటి సైనిక పింఛను నిబంధనల్లోనే ఈ రెండూ ఉన్నాయి. బోర్డు ‘రెండూ కాదు’ అని రాస్తే దాన్నే మనవాళ్ళు ‘నానా’ అంటారు. ఆ వరండాలో నేను చదివిన కాగితాల్లో ఎక్కువ వాటి మీద ఉన్నది ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు ముద్రే. ఎందుకు కాదో రాయాల్సిన గడిలో చాలాసార్లు ‘సర్వీసుతో సంబంధం లేదు’ అని మళ్ళీ అదే రాసి ఉండేది.

1982 ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ నిజానికి జవానుకి అనుకూలంగా రాసినవి. చేరేటప్పుడు ఏ జబ్బూ నమోదు కాకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. సర్వీసులో జబ్బు వస్తే, చేరేనాటి పరీక్షలో అది ఎందుకు బయటపడదో డాక్టర్లు కారణం రాస్తే తప్ప, సర్వీసులో పుట్టిందనే భావించాలి. రుజువు చేసే బరువు జవాను మీద పెట్టకూడదు. సందేహముంటే లాభం అతనికే. ఇన్ని మంచి మాటలూ కాగితం మీదే ఉండిపోతే, 2013 జూలై 2 న సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో వాటికి ప్రాణం పోసింది. తొమ్మిదేళ్ళు సర్వీసు చేశాక మూర్ఛ ఉందని ఇంటికి పంపించేసిన సిపాయి ఆయన. బోర్డు కారణం చెప్పకుండా కాదంటే చెల్లదని కోర్టు చెప్పింది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో అదే మాట మరికొందరు జవాన్లకి వర్తింపజేసింది. 2025 మేలో రాజుమోన్ కేసులో మళ్ళీ కారణాలు రాసి తీరాలంది. మధ్యలో 2019 లో నర్సింగ్ యాదవ్ కేసు అటువైపు తూగింది. సర్వీసులో బయటపడినంత మాత్రాన సర్వీసు వల్లే అనలేమని, ఏ కేసుకా కేసు చూడాలని అందులో తేల్చారు. వకీలు మీకు మొదటి మూడు పేర్లే చెప్పి నాలుగోది దాస్తే జాగ్రత్తగా ఉండండి.

ఇప్పుడు సుబేదారు గారి ప్రశ్న. ఈ తీర్పులన్నీ సర్వీసులో ఉండగా బయటపడిన జబ్బుల గురించి. సిపాయి బయటికొచ్చేది ముప్పై అయిదు, నలభై మధ్య. సుబేదారైనా యాభై అటూ ఇటూ. ప్రోస్టేట్ పెరుగుదల బాధపెట్టేది అరవైలో, డెబ్బైలో. ఆ మధ్యలో ఇరవై ఏళ్ళు రైల్వే గేటు దగ్గరో, బ్యాంకు తుపాకీ పట్టుకునో, పొలంలోనో గడిచిపోతాయి. రిటైరయ్యాక నిర్ణీత గడువులో బయటపడ్డ జబ్బుకి, దాని బీజం సర్వీసులోనే పడిందని వైద్యపరంగా తేలితే, ఒక దారి రూల్స్‌లో ఉంది. వయసుతో వచ్చే ప్రోస్టేట్ పెరుగుదలకి ఆ బీజం సైన్యంలో పడిందని ఏ నిజాయితీ గల డాక్టరూ రాయలేడు. క్యాన్సర్‌కి ఇంకో అడ్డు ఉంది. 1982 రూల్స్ వెనక జతచేసిన జాబితాలో, సర్వీసు ప్రభావం మామూలుగా ఉండని జబ్బుల్లో ప్రాణాంతక కంతులు ముందే కనిపిస్తాయి. ‘మామూలుగా’ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని వాదించి నెగ్గొచ్చు. కానీ దానికి రేడియేషనో, రసాయనమో, ఫలానాదని చెప్పగలిగే కారణం చేతిలో ఉండాలి.

కొందరికి కష్టంగా ఉన్నా ఒక మాట అనక తప్పదు. డెబ్బై ఏళ్ళకి ప్రోస్టేట్ పెరిగిన పింఛనుదారుకి, సర్వీసు కాగితాల్లో ఒక్క ముక్కా లేకపోతే, డిజెబిలిటీ పింఛను రాదు. వస్తుందని చెప్పి అడ్వాన్సు పుచ్చుకునే ఏజెంట్లు ఈ ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళ ఫోటోకాపీ దరఖాస్తుల్లో పేరు మారుతుంది, జబ్బు మారుతుంది, మిగతా పేరాలన్నీ అవే. వాళ్ళకిచ్చే డబ్బుతో సోనోగ్రఫీ, పీఎస్ఏ పరీక్ష చేయించుకోండి. మాజీ సైనికుల వైద్యానికి ఈసీహెచ్ఎస్ పథకం 2003 ఏప్రిల్ నుంచి ఉంది. పాలీక్లినిక్ నుంచి రెఫరల్ తీసుకుంటే ప్యానెల్ ఆసుపత్రిలో ఆపరేషనూ అవుతుంది. అది కూడా హక్కే. దానికి కోర్టు అక్కర్లేదు. సుబేదారు గారికి కూడా వరండాలో నేను ఇదే చెప్పాను. ఆయన నవ్వి, ‘ఈ మాట చెప్పడానికి నీకు ఇన్ని రూళ్ళు కావాలా’ అన్నారు.

అయితే ఆయన కాగితాలు తిరగేస్తుంటే ఇంకోటి కనబడింది. లద్దాఖ్‌లో ఉండగా జ్వరంతో, మూత్రంలో మంటతో ఫీల్డ్ ఆసుపత్రిలో చేర్చిన చీటీ ఒకటి ఉంది. ఆ తరవాత కూడా బాధ వచ్చి పోతూ ఉండేదని, పటాలంలో వైద్యం చూసే ఎంఐ రూముకి వెళ్ళకుండా బయట మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కునేవాణ్ణని ఆయనే ఒప్పుకున్నారు. సర్వీసు ముగిసేటప్పుడు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డులో డాక్టరు అడిగితే ‘సబ్ ఠీక్ హై సర్’ అన్నారు. షేప్-1 లో, అంటే పూర్తి ఆరోగ్యవంతుడన్న ముద్రతో, బయటికొచ్చారు.

ఎందుకలా అన్నారు? సిగ్గు కొంత. అసలు కారణం రెండో ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో గ్రూప్-సీ లో పదో వంతు, అప్పటి గ్రూప్-డీ లో అయిదో వంతు మాజీ సైనికులకి కేటాయింపు. నలభై ఏళ్ళ మనిషికి పిల్లలు బడిలో, అమ్మా నాన్నా మంచంలో. రైల్వే మెడికల్‌లో ఏ-వన్ నుంచి సీ-టూ దాకా మెట్లున్నాయి. జబ్బు రాసిన కాగితంతో పోతే ఏ మెట్టు దగ్గర ఆపేస్తారోనన్న భయం. అందుకని ఆర్మీ డాక్టరు ముందు ఆరోగ్యంగా నిలబడతాడు, రైల్వే డాక్టరు ముందూ ఆరోగ్యంగా నిలబడతాడు. ఈ రైల్వే ఊళ్ళో ఉన్న మాజీ సైనికుల్లో ఇలా నిలబడనివాళ్ళు ఎవరో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు అనుమానమే. దాన్ని నేను తప్పనడం లేదు. ఆ రోజు బియ్యం డబ్బాకి అదే సరైన నిర్ణయం. కానీ పింఛను కేసు ట్రిబ్యునల్లో ఓడిపోదు. ఆ రిలీజ్ బోర్డు గదిలో, ఆ ఒక్క మాట దగ్గరే ఓడిపోతుంది. అక్కడ నోరు తెరిచి చెప్పుకుని, దీర్ఘకాలపు ప్రోస్టేటైటిస్ అని రాయించుకుని, ఇరవై శాతం కట్టించుకున్నవాడికి 1982 రూల్స్ అండగా నిలుస్తాయి. చెప్పనివాడికి అవే రూల్స్ ఎదురు తిరుగుతాయి. షేప్-1 అన్న సంతకం అతనిదే మరి.

ఆ ఇరవై శాతానికి విలువెంతో చూడండి. నూరు శాతం వైకల్యానికి డిజెబిలిటీ ఎలిమెంట్ ఆఖరి జీతంలో 30 శాతం. బ్రాడ్ బ్యాండింగ్ ప్రకారం యాభై లోపు వైకల్యాన్ని యాభైగా, యాభై నుంచి డెబ్బై అయిదు దాకా ఉన్నదాన్ని డెబ్బై అయిదుగా, ఆ పైదాన్ని నూరుగా లెక్కిస్తారు. జబ్బుతో ఇంటికి పంపినవాళ్ళకే ఇది వర్తిస్తుందని ప్రభుత్వం పట్టుబట్టింది. 2014 డిసెంబరు 10 న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు, సర్వీసు పూర్తి చేసి బయటికొచ్చినవాళ్ళకీ ఇవ్వాలంది. ఆఖరి జీతం 40,000 అనుకుంటే, ఇరవై శాతం యాభై అయి, నెలకి 6,000 చేతికొస్తుంది, పైన డీఏ. ‘సబ్ ఠీక్ హై’ కి జీవితాంతం నెలనెలా చెల్లించే ధర అది.

బయటి దేశంలో ఎలా ఉందో కొంచెం చెప్పనివ్వండి. అమెరికా వియత్నాం అడవుల మీద 1962 నుంచి 1971 దాకా విమానాలతో ఆకురాల్చే మందులు చల్లింది. వాటిలో ఏజెంట్ ఆరెంజ్ ఒకటి. అందులో డయాక్సిన్ ఉంది. 1991 లో చట్టం చేసి, ఏ జబ్బుకి ఎంత సాక్ష్యముందో శాస్త్రజ్ఞుల సంఘం చేత తూయించారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వాళ్ళు ఇచ్చిన తూకం ‘పరిమితమైన, సూచనప్రాయమైన సాక్ష్యం’. గట్టి రుజువు కాదన్నమాట. అయినా 1996 లో ఆ జబ్బుని జాబితాలో చేర్చారు. 1962 జనవరి 9 కీ 1975 మే 7 కీ మధ్య వియత్నాం నేల మీద ఉన్నట్టు కాగితముంటే చాలు, మందు నీ మీద పడిందా అని అడగరు. ముప్పై ఏళ్ళ తరవాత బయటపడినా ఫరవాలేదు. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం గల్ఫ్ యుద్ధంలోనూ ఆ తరవాతా పని చేసిన సైనికుల్లో, చెత్తమంటల పొగ పీల్చినవాళ్ళకి జననావయవాల క్యాన్సర్లనీ అలాగే కలిపింది.

అదంతా ఉదారం అనుకోకండి. ఆ సైనికులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చింది. పైగా వయసుతో వచ్చే మామూలు పెరుగుదలకి అక్కడా ఆ సౌకర్యం లేదు. ఏజెంట్ ఆరెంజ్ జాబితాలో దానికి చోటివ్వలేదు. సర్వీసుతో సంబంధం ఉందని ఎవరికి వారు నిరూపించుకోవాలి. ఆ ఒక్క విషయంలో ఆ దేశమూ మన దేశమూ ఒకే మాట మీద ఉన్నాయి. నాకు వాళ్ళ దగ్గర నచ్చింది కొలత. సంబంధం తేలాక, జబ్బు పేరుకి కాకుండా దానితో గడిపే రోజుకి శాతం కడతారు. రాత్రి రెండుసార్లు లేస్తే 10, మూడు నాలుగుసార్లు లేస్తే 20, అయిదు అంతకంటే ఎక్కువైతే 40. మూత్రం నిలవక ప్యాడ్ వాడేవాడికి రోజుకి రెండు కంటే తక్కువ మారిస్తే 20, రెండు నుంచి నాలుగైతే 40, నాలుగు దాటితే 60. క్యాన్సర్ ఉన్నంతకాలం, చికిత్స అయిన ఆరు నెలల దాకా నూరు. ఆ తరవాత మిగిలిన బాధకి మళ్ళీ ఇదే లెక్క. ఈ ప్రశ్నలు అడిగితే మనిషి చెబుతాడు. ‘ఏమైనా తకలీఫ్ ఉందా’ అని గుంపులో అడిగితే సబ్ ఠీక్ హై అంటాడు. యూరాలజీలో ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి 1992 నుంచీ వాడుకలో ఉంది. మొత్తం 35 మార్కులు, ఇరవైకి చేరితే తీవ్రం. ఒక్క పేజీ. రిలీజ్ బోర్డుకి వచ్చే నలభై దాటిన ప్రతివాడికీ, పక్కన ఎవరూ లేకుండా, వాడి భాషలో ఆ పేజీ ఇస్తే ఎన్ని కేసులు అక్కడే తేలిపోతాయో. నేను ఆర్మీ మెడికల్ కోర్ మనిషినే కాబట్టి ఇది మావాళ్ళని నిందించడానికి అనడం లేదు. ఒకే పూట వరసలో నిలబడ్డ జనాన్ని చూసి ముగించాల్సిన డాక్టరు బాధ నాకు తెలుసు.

ఇంకో సంగతి. మూత్రం బాధలన్నీ ప్రోస్టేట్ బాధలు కావు. వెన్నుకి దెబ్బ తగిలితే మూత్రాశయం నరాలు దెబ్బతింటాయి. షుగరు ముదిరినా అంతే. నాళంలో పాత గాయం మచ్చ కట్టి ఇరుకైనా ధార సన్నబడుతుంది. అరవై ఏళ్ళ మనిషి ధార సన్నబడిందంటే, సోనోగ్రఫీలో గ్రంథి కొంచెం పెద్దగా కనిపిస్తే, ‘ప్రోస్టేట్’ అని రాసి పంపేస్తారు. అతను సర్వీసులో బండి బోల్తా పడి వెన్ను దెబ్బతిన్నవాడైతే? ఆ దెబ్బకి ఇంజురీ రిపోర్టు ఉంటుంది, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ఉంటుంది, దెబ్బ సర్వీసులోదేనని అప్పటికే ఒప్పుకుని ఉంటారు. మూత్రం బాధ ఆ దెబ్బకి కొనసాగింపని యూరోడైనమిక్ పరీక్ష చెబితే, కేసు పునాదే మారిపోతుంది. ప్రోస్టేట్ అనే పేరుతో వెళితే వయసు జబ్బని తోసేస్తారు. వెన్ను దెబ్బ పేరుతో వెళితే వినక తప్పదు. ఈ ఊళ్ళో నాకు తెలిసినంతలో కాస్త ఆశ ఉన్న కేసులు ఇలాంటివే. వాటిని కూడా ఏజెంట్లు ప్రోస్టేట్ ఫారంలోనే నింపుతున్నారు.

ఇక కాగితాల వేట. మన తెలుగు జవానుకి ఇది ప్రత్యేకమైన శిక్ష. కోర్టు ఒక చోట, రికార్డు ఒక చోట, పింఛను ఒక చోట. మద్రాస్ సాపర్స్ అయితే రికార్డ్స్ బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీ నాసిక్‌లో, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ అయితే సికింద్రాబాద్‌లో. పింఛను మంజూరు ప్రయాగ్‌రాజ్‌లో, ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటర్లో. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్నవాడికి సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి. మనం ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాం కాబట్టి మనకి జబల్‌పుర్. హైకోర్టు ఈ ఊళ్ళోనే ఉంది, 2000 నవంబరు 1 నుంచీ ఉంది. కానీ ముందు ట్రిబ్యునల్ గడప తొక్కి రావాలి. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకి వెళ్ళొచ్చని 2023 మార్చి 21 న పరశోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జబల్‌పుర్ వెళ్ళడమంటే పేండ్రా, అనూప్‌పుర్, షహడోల్ మీదుగా రైల్లో రాత్రంతా ప్రయాణం. రాత్రి అయిదుసార్లు లేచే మనిషికి లోయర్ బెర్తు, అదీ మూత్రశాలకి దగ్గరగా. పొద్దున్న హాల్లో తన నంబరు పిలిచేసరికి బయటికి వెళ్ళి ఉంటే ఎలాగని నీళ్ళు తాగకుండా కూర్చోవాలి. పాత సంత్రీ డ్యూటీయే.

గడువుల్లో నిజంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటి ఉంది. 2008 జనవరి తరవాత బయటికొచ్చినవాళ్ళకి వర్తించే రూల్స్‌లో, రిటైరైన పదిహేనేళ్ళ తరవాత దావా వేస్తే, అప్పటికి సర్వీసు కాగితాలు కాలం చెల్లి నాశనమైపోయి ఉంటే, రుజువు బరువు పింఛనుదారు మీదికే వస్తుంది. ఇందాక చెప్పిన ఆ మంచి మాటలన్నీ ఆ గీత దగ్గర ఆగిపోతాయి. 2008 ఆగస్టులో తార్సెమ్ సింగ్ కేసు తీర్పు ఉంది కదా, ఎన్నేళ్ళ తరవాతైనా వెయ్యొచ్చు కదా అంటారు. వెయ్యొచ్చు. 1983 లో ఇంటికొచ్చిన మనిషి 1999 లో కోర్టుకెళితే ఆలస్యమని కొట్టెయ్యలేదు. కానీ బకాయిలు దావాకి ముందు మూడేళ్ళకే ఇచ్చారు. మిగతా ఏళ్ళు పోయినట్టే.

2023 సెప్టెంబరు 21 తరవాత బయటికొచ్చేవాళ్ళకి మళ్ళీ కొత్త రూల్స్. డిజెబిలిటీ ఎలిమెంట్ స్థానంలో, సర్వీసులో కొనసాగినవాళ్ళకి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే మాట వచ్చింది. బీపీ, షుగరు లాంటి జీవనశైలి జబ్బులతో పెద్ద ఆఫీసర్లు పింఛను పెంచుకుంటున్నారన్న విమర్శ దానికి నేపథ్యం. ఆ విమర్శలో నిజం ఉండొచ్చు. ఆ అనుమానం నీడ మాత్రం ఆఫీసరు మీద కంటే, రాయడం చదవడం అంతంతమాత్రమైన హవల్దారు మీదే ముదురుగా పడుతోంది. బోర్డు గదిలో తన బాధని వాక్యంగా కూర్చి చెప్పగలిగేది ఆఫీసరే కదా.

ఇక్కడ కూర్చున్న కొందరి కొడుకులు ఇప్పుడు సర్వీసులో ఉన్నారు. ఫోన్లో వాళ్ళకి చెప్పండి. మూత్రంలో మంట, నడుము కింద నొప్పి, ధార సన్నబడడం ఉంటే ఎంఐ రూములో రాయించుకోమనండి. బయట మందు కొనుక్కోవద్దనండి. రిలీజ్ బోర్డుకి ముందు పాత అడ్మిషన్ చీటీలన్నీ ఒక్క చోట పెట్టుకోమనండి. రెండో ఉద్యోగం పోతుందని భయపడితే, ప్రోస్టేటైటిస్ ఉన్నవాడికి రైల్వేలో ఏ పోస్టూ రాదన్న మాట అబద్ధమని, ఏ మెట్టుకి ఏ పరీక్షో ముందు కనుక్కోమని చెప్పండి. కోడళ్ళకి కూడా చెప్పండి, వాళ్ళు గట్టిగా అడుగుతారు. కేసు నడుస్తుండగా మనిషి పోతే బకాయిలకి భార్య వారసురాలిగా నిలబడొచ్చు. అలా నిలబడాల్సిన రోజున ఆమెకి ఆ జబ్బు పేరే తెలియకపోతే వకీలు ముందు ఏం చెబుతుంది?

బయట టేబుల్ దగ్గర నేను కూర్చుంటాను. డిశ్చార్జి బుక్కు, పింఛను మంజూరు పత్రం పీపీఓ, రిలీజ్ బోర్డు ఫారం ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 జిరాక్సు తెచ్చినవాళ్ళు రండి. ఫోనులో తీసిన ఫోటోలు వద్దు, కారణాల గడిలో ఏం రాశారో వాటిలో కనబడదు. ఫారం లేనివాళ్ళకి రికార్డ్స్ ఆఫీసుకి వెళ్ళాల్సిన సమాచార హక్కు దరఖాస్తు నమూనా తెలుగులోనూ హిందీలోనూ అచ్చు వేయించాం. మూత్రశాల హాలుకి ఎడమ పక్కన ఉంది, మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళ వరస పోకుండా చూసుకుంటాం.